క్రాస్‌ఓవర్ ఫైటింగ్ గేమ్ రాద్దాం – 3వ పాఠం: కొండంత వాడూ గోరంత వాడూ ఒకే బరిలో

రెండో పాఠంలో ఒక్కో పాత్రకు బలాల పట్టిక వేసుకున్నాం. అసలు కథలో ఆ పాత్ర మన కళ్లెదుట చేసి చూపించిన పనులు ఒక గడిలో, పక్కవాళ్లు దాని గురించి చెప్పిన గొప్పలు ఇంకో గడిలో. అభ్యాసం చేసినవాళ్లు గమనించే ఉంటారు, రెండో గడి నిండినంత తేలిగ్గా మొదటిది నిండదు. మనకు పనికొచ్చేది మాత్రం ఆ మొదటి గడే. గొప్పలు ప్రస్తుతానికి పక్కన పెట్టేయండి.

ఇవాళ వేర్వేరు కథల్లోంచి వచ్చిన అలాంటి రెండు పట్టికల్ని ఒకే ఆటలోకి తెద్దాం, క్రాస్‌ఓవర్ అంటే అదే. ఒకడు గ్రహాలనే కదిలిస్తాడు. ఇంకొకడికి ఒక్క తూటా తగిలితే చాలు, పని అయిపోతుంది. తెర మీద ఇద్దరి హెల్త్ బార్‌లూ (ప్రాణం ఎంత మిగిలిందో చూపే గీతలు) దాదాపు ఒకే పొడవు. అసలు కథ తెలిసిన ఆటగాడు ‘ఇదెలా కుదురుతుంది?’ అని అడగక మానడు. దానికి జవాబు కథలో ఒకటి ఉండాలి, ఆటలో ఒకటి ఉండాలి. చాలామంది కథలో చెప్పేసి చేతులు దులుపుకుంటారు.

ముందు కథ సంగతి. ఇక్కడ కావలసింది ఒక సాకు. 2008లో వచ్చిన ‘మోర్టల్ కాంబాట్ వర్సెస్ డీసీ యూనివర్స్’లో రెండు లోకాలు ఒకదానిలో ఒకటి కలిసిపోతుంటాయి, ఆ గందరగోళంలో అందరి శక్తులూ హెచ్చుతగ్గులవుతాయి. దానికితోడు సూపర్‌మ్యాన్‌కు మంత్రశక్తి ముందు బలం చాలదన్న కామిక్స్ నియమం ఎలాగూ ఉంది. సాకు పనిచేస్తుంది కానీ వదులుగా ఉంటుంది. ఎవరు ఎవర్ని కొట్టినా అదే కారణం చెప్పుకోవచ్చు. 2013లో ‘ఇన్‌జస్టిస్: గాడ్స్ అమాంగ్ అస్’ ఇంతకంటే గట్టి దారి పట్టింది. 5-యు-93-ఆర్ అనే మాత్ర మింగితే మామూలు మనిషి కూడా మహాబలుల దెబ్బకు తట్టుకుని నిలబడగలడు. మాత్ర ఎక్కడిదో, ఎవరు మింగారో, ఎవరు మింగలేదో కథలోనే తెలుస్తుంది. సాకుకు హద్దులుంటే ఆటగాడు నమ్ముతాడు.

ఇది కింద ఉన్నవాణ్ణి పైకి లేపే పద్ధతి. పైనున్నవాణ్ణి కిందికి దించే పద్ధతీ ఉంది. క్రాస్‌ఓవర్ కాకపోయినా ‘డ్రాగన్ బాల్ ఫైటర్‌జీ’ (2018) దీనికి మంచి ఉదాహరణ. విచిత్రమైన తరంగాలు వచ్చి యోధుల శక్తిని అణిచేస్తాయి. అందుకే అక్కడ మామూలు మనిషి యమ్చా కూడా వినాశ దేవుడు బీరస్ ఎదుట నిలబడగలడు. నన్నడిగితే మొదటి పద్ధతే మేలు. తమ హీరోను దించితే అభిమానులు ఊరుకోరు, ఎదుటివాణ్ణి లేపితే సణుక్కుంటూనే ఒప్పుకుంటారు.

అసలు సాకే అక్కర్లేని దారి కూడా ఒకటుంది, వేరే కాలరేఖ. ‘ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్’ కథ ‘ఫేటల్ ఫ్యూరీ’ కథకు చాలా ఏళ్ల ముందు జరుగుతుంది. ‘ఫేటల్ ఫ్యూరీ’లో విలన్ అయిన గీస్ హోవర్డ్ ‘ఆర్ట్ ఆఫ్ ఫైటింగ్ 2’లో ఇంకా కుర్రవాడే. ఆ లెక్కన మొదటి కథ హీరో రియో, రెండో కథ హీరో టెర్రీ ఒకే వయసులో తలపడటం కుదరదు. 1994లో ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’ ఆ లెక్కను పక్కకు నెట్టి, వాళ్లిద్దరూ ఒకే తరం వాళ్లయిన కొత్త లోకాన్ని సృష్టించుకుంది. 1999 నాటి మొదటి ‘సూపర్ స్మాష్ బ్రదర్స్’ ఇంకా తెలివైనది. ఆరంభంలో ఒక చెయ్యి వచ్చి బొమ్మల్ని బల్ల మీద పెడుతుంది. ఆడుకునే బొమ్మల్లో ఎవరి బలం ఎంతని ఎవరడుగుతారు?

కథ సంగతి ఇంతటితో చాలు. ఇక ఆట. పాఠంలో బరువంతా ఇక్కడే ఉంది, నెమ్మదిగా చదవండి.

కొత్తగా రాసేవాళ్లు బలాన్ని నేరుగా అంకెల్లోకి దించుతారు. కథలో పదింతలు బలవంతుడైతే ఆటలో పదింతల డ్యామేజ్ (దెబ్బకు తగ్గే హెల్త్) ఇచ్చేస్తారు. దాంతో ఆట పాడవుతుంది, నాలుగు రోజుల్లో ఆ అంకెను కోసేయాల్సి వస్తుంది. 2011లో ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3’ వచ్చినప్పుడు సెంటినెల్ అనే రోబో హెల్త్ 13,00,000. తర్వాత ప్యాచ్‌లో (ఆటకు చేసే సవరణలో) 9,05,000కు దించారు. అయినా సెంటినెల్ సెంటినెల్‌లాగే ఉన్నాడు, అదే భారీ శరీరం, తెర ఆ చివరికి అందే దెబ్బలు. ఆ పాత్రకు ప్రాణం అంకెలో లేదన్నమాట.

అదే ఆటలో ఫీనిక్స్‌ను చూడండి. కామిక్స్‌లో విశ్వాన్ని వణికించే శక్తి ఆమెది. ఆటలో ఆమె హెల్త్ 4,20,000, అందరిలోకీ తక్కువ. అంకె చూసి ఇది అన్యాయం అనుకుంటాం. కానీ అయిదు మీటర్లు (పోరాడేకొద్దీ నిండే శక్తి గీతలు) నిండి ఉండగా ఆమె చనిపోతే డార్క్ ఫీనిక్స్‌గా తిరిగి లేస్తుంది. దాంతో ఎదుటివాడి ఆటంతా మారిపోతుంది. మీటర్ నిండకముందే ఆమెను పడగొట్టాలి, లేదా నిండనివ్వకుండా చూసుకోవాలి. ఆమె ఇంకా బరిలోకి దిగకముందే టెన్షన్ మొదలవుతుంది. చచ్చి మళ్లీ పుట్టడం కామిక్స్‌లో ఆమెకున్న ముఖ్య లక్షణం, ఆటలో అది చెక్కుచెదరలేదు.

కాబట్టి పట్టికలో ‘ఈ పాత్రకు ఎంత బలం?’ అన్న ప్రశ్న కొట్టేసి, ‘ఈ పాత్ర ఎదురైతే అవతలివాడు ఏం చేయక తప్పదు?’ అని రాసుకోండి.

బలమే లేని పాత్రకూ ఈ ప్రశ్న పనికొస్తుంది. ‘అల్టిమేట్ మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 3’లో ఫీనిక్స్ రైట్ (ఇందాకటి ఫీనిక్స్ కాదు) వకీలు, కొట్లాట రాదు. పోట్లాట మధ్యలోనే నేల మీద వెతికి సాక్ష్యాలు పోగేసుకుంటాడు. పనికిరానివి దొరికితే పారేస్తాడు. సరైనవి మూడు చేతికొచ్చాక కోర్టు మోడ్‌లోకి వెళ్లి ‘అబ్జెక్షన్!’ అని అరిచి తగిలిస్తే కొద్దిసేపు అతణ్ణి ఆపడం కష్టం. అవతలివాడికి ఒకటే పని, వెతకనివ్వకూడదు. ఇతను హల్క్‌ను కొట్టాడని ఎవరూ నొచ్చుకోలేదు, ఎందుకంటే వకీలుగానే కొట్టాడు.

ఇప్పుడు మనమే ఒక జత చేద్దాం. ఒకడు కొండను భుజానికెత్తుకునే యోధుడు, ఇంకొకడు తాళాలు తీసే దొంగ. సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) అనుకుంటే, యోధుడి గుద్దు బయటికి రావడానికి 24 ఫ్రేములు, దొంగ దెబ్బకు 5. డ్యామేజ్ తేడా రెండింతలు దాటనివ్వొద్దు. దానికి బదులు యోధుడి గుద్దును అడ్డుకున్నా అవతలివాడు సగం తెర వెనక్కి జారాలి, గుద్దు వస్తుండగా తగిలే ఒక దెబ్బను యోధుడు లెక్కచేయకూడదు. దొంగ కొట్టిన ప్రతిసారీ అవతలివాడి మీటర్ కాస్త తగ్గి దొంగ మీటర్‌లో చేరాలి. యోధుడి ముందు దూరం చూసుకోవాలి, దొంగ ముందు మీటర్‌ను దాచుకోకుండా ఖర్చుపెట్టేయాలి. ఈ అంకెలు ఉజ్జాయింపుగా వేసినవి, ఆడి చూశాక మారతాయి. ఆ రెండు ‘తప్పదు’లు మాత్రం మారకూడదు.

సరిగ్గా కుదిరిందో లేదో చూడాలంటే బొమ్మలు, పేర్లు, గొంతులు తీసేసి రెండు బూడిదరంగు డబ్బాలతో ఆడించండి. ఆ రెండు కథలూ తెలిసిన మిత్రుడికి ఇచ్చి ఏ డబ్బా ఎవరో అడగండి. చెప్పలేకపోతే మళ్లీ పట్టిక దగ్గరికి రావాల్సిందే.

మరొక చిన్న మాట. పాత్ర ఏం చేయగలదో చూసుకుంటూ ఏం చేయదో మరచిపోకండి. ‘మోర్టల్ కాంబాట్ వర్సెస్ డీసీ’లో జోకర్‌కు ఫేటాలిటీ (ఓడినవాణ్ణి చంపే ముగింపు దెబ్బ) ఇచ్చారు. బ్యాట్‌మ్యాన్‌కు ఇవ్వలేదు, చంపడం అతని పద్ధతి కాదు గనక చంపకుండా ముగించే హీరోయిక్ బ్రూటాలిటీతో సరిపెట్టారు. బలం లెక్క కాస్త అటూ ఇటూ అయినా అభిమానులు సర్దుకుంటారు. బ్యాట్‌మ్యాన్ మెడ విరిస్తే సర్దుకోరు.

ఈసారి అభ్యాసం: మీ పట్టికల్లోంచి బలంలో బాగా తేడా ఉన్న ఇద్దర్ని తీసుకోండి. కథలో సాకు ఒక్క వాక్యంలో రాయండి, అందులో ‘ఎందుకో తెలియదు గానీ’ లాంటి మాట రాకూడదు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక ‘తప్పదు’ వాక్యం, ఒక ‘చేయడు’ వాక్యం. మొత్తం అయిదు వాక్యాలు. వీటిని దగ్గరే ఉంచుకోండి, నాలుగో పాఠంలో ఈ ఇద్దరి మీదికీ గ్రహాల్ని మింగే గెలాక్టస్ లాంటి ఒక బాస్‌ను (చివర్లో ఎదురయ్యే పెద్ద శత్రువును) వదలబోతున్నాం.