ఏథెన్స్ గుడ్లగూబ నాణెం చదవడం ఎలా

గ్రీకు నాణెం కనిపిస్తే చాలామంది ఎవరో రాజు బొమ్మ అనేసుకుంటారు. ఏథెన్స్ పాత నాణేల మీద రాజు ఉండడు, దేవతే. మొదలుపెట్టడానికి టెట్రాడ్రాక్మ్ తీసుకోండి. అప్పటి గ్రీకు డబ్బు డ్రాక్మా, ఇది నాలుగు డ్రాక్మాల వెండి నాణెం, బరువు సుమారు 17 గ్రాములు, వెండి ఎక్కువగా దగ్గర్లోని లారియన్ గనులది.

ముందువైపు శిరస్త్రాణంతో ఆ దేవత అథీనా, దాని అంచున ఆలివ్ ఆకులు. ఊరు ఎవరిదన్న పోటీలో సముద్ర దేవుడు పొసైడన్ ఉప్పునీటి ఊట పుట్టిస్తే, ఈవిడ ఆలివ్ చెట్టు మొలిపించి గెలిచిందని కథ. ఇక కన్ను చూడండి, అసలు కిటుకు అక్కడే ఉంది: ముఖం పక్కకు తిరిగి ఉన్నా కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు నిండుగా ఉంటే దాదాపు క్రీ.పూ. 5వ శతాబ్దం లేదా అంతకు ముందుది, పక్కనుంచి చూసినట్టు సహజంగా ఉంటే 4వ శతాబ్దానిది.

వెనకవైపు గుడ్లగూబ, ఆలివ్ రెమ్మ, చిన్న నెలవంక, ‘అథే’ అని మూడు గ్రీకు అక్షరాలు, ‘ఏథెన్స్ వాళ్లది’ అన్న మాటకు పొట్టి రూపం. మన దగ్గర గుడ్లగూబ అరిస్తే కీడంటారు గానీ అక్కడది అథీనా పక్షి, గెలుపు శకునం. ఇప్పటి గ్రీసు ఒక యూరో నాణెం మీదా ఇదే ఉంది.

బొమ్మ ఓ పక్కకు జారి ఉంటే కంగారు పడకండి, సుత్తితో కొట్టి చేత్తో ముద్రించినవి మరి. ఉలి గాటు ఉన్నా ఫర్వాలేదు, లోపల రాగి ఉందేమోనని ఆనాటి వాళ్లే కోసి చూసేవారు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, పైన బుడగల గుంటలు కనిపిస్తే మాత్రం అనుమానించండి, పోత పోసిన నకిలీలు అలాగే ఉంటాయి.

విలువ సంగతి నాటకాల లెక్కలో చూస్తే బాగా అర్థమవుతుంది. డ్రాక్మాకు ఆరు ఓబోల్‌లు. ఏథెన్స్ కొండకోట అక్రోపొలిస్ దక్షిణపు వాలున ఉన్న డయోనైసస్ దేవుడి రంగస్థలంలో సీటుకు రెండు ఓబోల్‌లు, అంటే ఈ ఒక్క నాణెంతో 12 మంది నాటకం చూడొచ్చు. 4వ శతాబ్దంలో ఆ టికెట్ డబ్బులు కూడా ప్రభుత్వమే ఇచ్చేది, దాన్ని థియోరికాన్ అనేవారు. ఓబోల్ ముక్కాలు గ్రాము కూడా తూగదు, బజారుకెళ్లేవాళ్లు బుగ్గన పెట్టుకుని తిరిగేవారు!

చనిపోయినవాళ్ల నోట్లోనూ ఓ ఓబోల్ పెట్టే ఆచారం ఉండేది, పాతాళంలో పడవ దాటించే కేరన్‌కి కూలి అన్నమాట. క్రీ.పూ. 405లో ఆడిన హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ ‘కప్పలు’ నాటకంలో నాటకాల దేవుడు డయోనైససే పాతాళానికి బయల్దేరతాడు, అక్కడ పడవ కూలి ఒకటి కాదు, రెండు ఓబోల్‌లని తెలిసి, ఈ రెండు ఓబోల్‌ల మహిమ అక్కడిదాకా ఎలా పాకిందిరా అని నోరెళ్లబెడతాడు.