పెట్టె కొనేముందు టేపు పట్టండి: ప్రయాణానికి తగిన లగేజీ ఎంచుకోవడం ఎలా?

దుకాణంలోకి అడుగుపెట్టగానే కంటికి ఆనేది పెట్టె రంగు, ఆ తర్వాత దానికి వేలాడే డిస్కౌంటు చీటీ. ఆ రెండూ చూసి కొంటే అసలు సంగతి చెక్-ఇన్ కౌంటర్ దగ్గరో, రైలు బెర్తు కిందో బయటపడుతుంది. అప్పటికి మార్చుకునే దారి ఉండదు. అందుకే కొనడం కన్నా ముందు ఇంట్లో చేయాల్సిన పని కొంత ఉంది.

1. ముందు టికెట్టు చదవండి

రాబోయే రెండు మూడేళ్లలో మీరు ఎక్కువగా చేయబోయే ప్రయాణం ఏదో తేల్చుకోండి. ఎప్పుడో ఒకసారి వెళ్లే అమెరికా కోసం కొన్న భారీ పెట్టెను ప్రతి నెలా విజయవాడ రైల్లోకి ఎక్కించడం నరకం.

దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్టుకు మామూలుగా 15 కిలోల చెక్-ఇన్ (కౌంటర్‌లో అప్పగించేది), 7 కిలోల క్యాబిన్ (వెంట విమానంలోకి తీసుకెళ్లేది) సామాను అనుమతిస్తారు. అమెరికా విమానాల్లో లెక్క వేరు. అక్కడ పెట్టెల సంఖ్య ముఖ్యం, ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. టికెట్టు రకాన్ని బట్టి ఒకటో రెండో ఇస్తారు. చాలామంది పొరబడేది ఇక్కడే. రెండు పెట్టెలు కలిపి 46 కిలోలు కదా అని ఒకదాంట్లో 28, ఇంకోదాంట్లో 18 పెడితే కుదరదు, మొదటి పెట్టెకు అదనపు రుసుము కట్టాల్సిందే. గల్ఫ్ వైపు వెళ్లే చాలా విమానాల్లో మాత్రం 25 లేదా 30 కిలోలని మొత్తం బరువు చెబుతారు, దాన్ని పెట్టెల మధ్య ఎలా పంచుకున్నా ఫర్వాలేదు. ఎక్కడైనా సరే, ఒక్క పెట్టె 32 కిలోలు దాటితే సాధారణంగా తీసుకోరు.

రైల్లోనూ పరిమితులున్నాయి. ఫస్ట్ ఏసీకి 70 కిలోలు, సెకండ్ ఏసీకి 50, థర్డ్ ఏసీకీ స్లీపర్‌కీ 40, సెకండ్ క్లాసుకు 35. తూకం వేసేవాళ్లు కనబడరు కాబట్టి ఎవరూ పట్టించుకోరు గానీ, రైల్లో అసలు పరిమితి బెర్తు కింద ఉన్న జాగా.

2. టేపుతో మీరే కొలవండి

చెక్-ఇన్ పెట్టెకు చాలా సంస్థలు పెట్టే హద్దు 158 సెంటీమీటర్లు. పొడవు, వెడల్పు, మందం మూడూ కూడితే అంతకు మించకూడదు. ఈ కొలతలో చక్రాలు, పక్కన పొడుచుకొచ్చిన పిడులు కూడా లెక్కలోకి వస్తాయి. చీటీ మీద ఉండే ‘28 అంగుళాలు’ చాలాసార్లు చక్రాలు లేకుండా పెట్టె ఎత్తు మాత్రమే.

లెక్క వేసి చూడండి. 28 అంగుళాలంటే 71 సెం.మీ. చక్రాలకు 6 కలిపితే 77. వెడల్పు 50, మందం 31 అనుకుంటే మొత్తం సరిగ్గా 158. ఇక ఆ పెట్టె నడుము చుట్టూ ఉన్న రెండో జిప్పు తెరిచి మందం పెంచారనుకోండి, ఇంకో నాలుగైదు సెంటీమీటర్లు పెరిగి హద్దు దాటేస్తుంది. ఆ జిప్పు వెళ్లేటప్పుడు మూసే ఉంచండి.

క్యాబిన్ పెట్టెకు మన దేశీయ సంస్థల్లో తరచూ కనిపించే కొలత 55 × 35 × 25 సెం.మీ. కొన్నిట్లో 55 × 40 × 20 ఉంటుంది. రెండింటికీ సరిపోవాలంటే 55 × 35 × 20 లోపు చూసుకోండి.

3. ఖాళీ పెట్టె బరువు అడగండి

పెద్ద గట్టి పెట్టె ఖాళీగానే నాలుగు నుంచి ఐదు కిలోలు తూగుతుంది. 23లో ఐదు పోతే మీకు మిగిలేది 18. క్యాబిన్ దగ్గర ఇది ఇంకా బాధిస్తుంది. ట్రాలీ మూడు కిలోలు, ల్యాప్‌టాప్ ఛార్జరుతో కలిపి రెండు అనుకుంటే, 7 కిలోల్లో మిగిలేవి రెండే. ల్యాప్‌టాప్ తప్పనిసరైతే క్యాబిన్‌కు చక్రాల పెట్టె మానేసి, కిలో బరువుండే వీపు సంచి తీసుకోవడం మేలు.

సైజు విషయంలో ఒక మాట. రెండు పెట్టెలు తీసుకెళ్లేవాళ్లు రెండూ పెద్దవే కొంటారు. బట్టలకైతే అది సరే. పచ్చళ్లు, కారప్పొడులు, పుస్తకాలు, స్టీలు గిన్నెలు సర్దితే పెద్ద పెట్టె సగం నిండకముందే 23 కిలోలు వచ్చేస్తాయి, మిగతా ఖాళీలో సామాను దొర్లి సీసాలు పగులుతాయి. ఒకటి పెద్దది (75 సెం.మీ. చుట్టుపక్కల, దాదాపు 100 లీటర్లు), ఒకటి మధ్యస్థం (65 సెం.మీ., దాదాపు 70 లీటర్లు) తీసుకుని బరువైనవన్నీ చిన్నదాంట్లో సర్దండి. ఇంటికొచ్చాక చిన్నది పెద్దదాంట్లో దూరిపోతుంది, అటక మీద చోటు కూడా కలిసొస్తుంది.

4. గట్టిదా, మెత్తదా?

గట్టి పెట్టెల్లో మూడు రకాల ప్లాస్టిక్ కనిపిస్తుంది. ఏబీఎస్ చవక, కానీ పెళుసు. విసిరేస్తే మూలల దగ్గర చిట్లుతుంది. పాలీకార్బొనేట్ దెబ్బకు లోపలికి వంగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది, ధర ఎక్కువ. పాలీప్రొపిలీన్ ఈ రెండింటి మధ్యన, దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది. చెక్-ఇన్ పెట్టెకు డబ్బుకు తగ్గ ఎంపిక ఇదే. పక్క గోడను బొటనవేలితో నొక్కండి. కాస్త లొంగి తిరిగి రావాలి.

గుడ్డ పెట్టెల్లో డెనియర్ అంకె (దారం మందాన్ని చెప్పే కొలత) అడగండి. 600 పలచన. 1200 నుంచి 1680 వరకూ ఉంటే కన్వేయర్ మీద రాపిడికి ఆగుతుంది. మెత్తటి పెట్టెను బెర్తు కింద నొక్కి దూర్చవచ్చు, పైజేబులోంచి దుప్పటి తీసుకోవచ్చు. గట్టి పెట్టె రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది కాబట్టి రైల్లో, ఇరుకు హాస్టల్ గదిలో తెరవడానికి నేలంతా కావాలి. అయితే ఆవకాయ నూనె కారితే గట్టిదాన్ని తుడుచుకోవచ్చు, గుడ్డ పెట్టెకు ఆ వాసన పట్టుకుంటే ఏళ్ల తరబడి వదలదు. రైలుకూ ఆర్టీసీ బస్సుకూ మెత్తది, విమానం చెక్-ఇన్‌కు గట్టిది అనుకోండి.

5. చక్రాల మీద మొహమాటపడకండి

పెట్టెలో ముందుగా పాడయ్యేది చక్రమే. దుకాణంలోని నున్నటి టైల్స్ మీద, ఖాళీగా ఉన్నప్పుడు, ఏ చక్రమైనా వెన్నలా దొర్లుతుంది. పక్కనున్న రెండు మూడు చిన్న బ్యాగులు అందులో పెట్టమని అడిగి, బయట మెట్ల దగ్గరో గరుకు నేల మీదో లాగి చూడండి.

నాలుగు చక్రాల పెట్టె పక్కన నడిపించుకుంటూ పోవచ్చు, చేతి మీద భారం పడదు. ఎయిర్‌పోర్టులో అదే సుఖం. కానీ చక్రాలు బయటకు పొడుచుకొచ్చి ఉంటాయి, ఎత్తి పడేసినప్పుడు ముందు విరిగేది అవే. వాలు ఉన్నచోట వదిలేస్తే తనంతట తానే బయలుదేరుతుంది కూడా. రెండు చక్రాలది వంచి లాగాలి, బరువు కొంత మణికట్టు మోస్తుంది. అయితే ఆ చక్రాలు పెద్దవి, పెట్టె ఒంట్లోకి ఒదిగి ఉంటాయి. ప్లాట్‌ఫారం గతుకులు, పలకలు లేచిన ఫుట్‌పాత్‌లు, ఊళ్లో సిమెంటు రోడ్డు వీటికి రెండు చక్రాలదే నిలబడుతుంది.

తిప్పి చూడండి: చక్రం స్క్రూలతో బిగించి ఉందా, రివెట్‌తోనా? స్క్రూ అయితే ఏ బ్యాగు రిపేరు కొట్టులోనైనా కొత్తది వేయించుకోవచ్చు.

లాగే కడ్డీని పూర్తిగా పైకి తీసి అటూ ఇటూ ఊపండి. కాస్త కదలిక సహజం, లొటలొటలాడితే వద్దు. పైనా పక్కనా పట్టుకునే పిడులు, అడుగున చెయ్యి దూరే సందు ఉండాలి. 23 కిలోలు డిక్కీలోకి ఎత్తేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

6. జిప్పు, తాళం

మామూలు జిప్పు పళ్ల మధ్య బాల్‌పెన్ను మొన గుచ్చితే విచ్చుకుంటుంది. తాళం తీయకుండానే లోపలి సామాను తీసి, జిప్పు రన్నర్లను అటూ ఇటూ జరిపి మళ్లీ మూసేయొచ్చు. అందుకే విలువైనవి ఎప్పుడూ చేతిసంచిలోనే. రెండు వరుసల పళ్లున్న జిప్పు ఈ పనికి అంత సులువుగా లొంగదు. జిప్పును మూలల దగ్గర నాలుగైదుసార్లు తిప్పి చూడండి, పట్టేసేది, పగిలేది అక్కడే.

అమెరికా వెళ్లేవాళ్లకు ఎర్ర వజ్రం గుర్తున్న టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) తాళం కావాలి. అక్కడి తనిఖీ సిబ్బంది దాన్ని తమ తాళంచెవితో తెరుస్తారు, వేరే తాళమైతే కోసేస్తారు. ఆ చెవి కొన్నవాళ్లకు ఇవ్వరు, కాబట్టి దుకాణంలో అడిగి ప్రయోజనం లేదు. అంకెల తాళమైతే, కోడ్ మార్చాక పెట్టె తెరిచి ఉండగానే ఒకటికి రెండుసార్లు సరిచూడండి. రైలుకు మాత్రం బెర్తు కింద ఉండే కొక్కేనికి కట్టే గొలుసు, చిన్న తాళం చాలు.

7. నింపి తూచండి

మార్చుకునే గడువు ముగిసేలోపు ఇంట్లో నిజంగా సర్ది చూడండి. కొక్కెం త్రాసు లేకపోతే, బరువు చూసే మిషను మీద పెట్టె పట్టుకుని ఒకసారి, వట్టి చేతులతో ఒకసారి నిలబడి తేడా తీయండి. త్రాసుకూ త్రాసుకూ తేడా ఉంటుంది కాబట్టి 22 దగ్గర ఆగండి.

పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే దాదాపు 74 వాట్-అవర్లు, 100 లోపే కాబట్టి ఇబ్బంది లేదు. ఛార్జింగ్ బ్యాటరీ ఉన్న ‘స్మార్ట్’ పెట్టె కొంటుంటే ఆ బ్యాటరీ ఊడి వస్తుందో లేదో చూడండి, రాకపోతే తీసుకోకండి. ఎండుకొబ్బరి నిప్పంటుకునే గుణం వల్ల ప్రమాదకర వస్తువుల జాబితాలో ఉంది, అమ్మ ఎంత ప్రేమగా ఇచ్చినా ఇంట్లోనే వదిలేయండి. దుబాయ్ మీదుగా వెళ్లేవాళ్లు గుండ్రటి మూటలు కట్టొద్దు. 2017 నుంచి అక్కడి ఎయిర్‌పోర్టు ఒక వైపైనా చదునుగా లేని సామాను చెక్-ఇన్‌కు తీసుకోవడం లేదు.

బయలుదేరే ముందు పెట్టెను నాలుగు వైపులా ఫోటో తీయండి. దిగాక చక్రం విరిగో, మూల పగిలో కనిపిస్తే బయటకు రాకముందే బ్యాగేజీ కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి దాని కాపీ తీసుకోండి. అంతర్జాతీయ ప్రయాణంలో నష్టం గురించి రాతపూర్వకంగా తెలపడానికి సామాను అందిన రోజు నుంచి 7 రోజులే గడువు.