ఇసుక తిన్నెల మీద పారాగ్లైడింగ్: అనంతపురం నుంచి మొదలుపెట్టేవాళ్లకి

రీల్స్‌లో చూసుంటారు, ఎడారిలో ఇసుక గుట్ట అంచు పట్టుకుని ఒకడు మనిషెత్తులో గాలిలో పోతా ఉంటాడు, కాలితో ఇసుకని గీకుతాడు, మళ్లీ లేస్తాడు, తిరిగి వస్తాడు, గంటలు గంటలు అదే పని. దాన్నే డ్యూన్ సోరింగ్ అంటారు. అది చూసి మనోళ్లు చానామంది అడిగే మాట ఒకటే, మనకీ బొమ్మనహాళ్, కణేకల్ దగ్గర ఇసుక దిబ్బలు ఉన్నాయి గదా, ఆడ చెయ్యలేమా అని. సగం చెయ్యొచ్చు. ఆ సగం ఏంది, మిగతా సగానికి యాడికి పోవాల, పోయేముందు ఏం వచ్చుండాల, అదే చెప్తా.

ముందు ఇది ఎట్ల పనిచేస్తాదో అర్థం కావాల. పారాగ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు, ఎగురుతున్నంతసేపూ దిగుతానే ఉంటాది, మామూలు వింగ్ (తలమీద గాలి నింపుకుని విచ్చుకునే గుడ్డ రెక్క) అయితే సెకనుకి ఇంచుమించు ఒక మీటరు, ఒకటింబావు మీటరు దిగుతాది. గాలి సూటిగా వచ్చి వాలుకి తగిలిందంటే, కాలవ నీళ్లు కట్టకి కొట్టుకుని పైకి పొర్లినట్ల పైకి తిరుగుతాది. ఆ పైకి లేచే గాలి మన దిగుడు కంటే ఎక్కువుంటే మనం పైన్నే ఉంటాం. అంతే, ఇందులో మాయ ఏమీ లేదు. కాకపోతే ఆ గాలి వాలు ముందర, అంచుకి రొంత పైన మాత్రమే దొరుకుతాది, దిబ్బ ఎంత చిన్నదైతే ఆ పట్టీ అంత సన్నగా ఉంటాది. అంచు దాటి వెనక్కి పోయినామా, ఆడ గాలి సుళ్లు తిరుగుతా కిందికి పడుతుంటాది, దాన్ని రోటర్ అంటారు, వింగ్ మూసుకుపోయేది ఆడనే.

కొత్తోళ్లకి ఎక్కువ తికమక ఈడ వస్తాది. ఎడారి దిబ్బని చేసేది గాలే, గాలి వచ్చే వైపు వాలు మెల్లగా ఏటవాలుగా ఉంటాది, అవతలి వైపు ఇసుక జారి నిటారుగా పడుతాది, దగ్గర దగ్గర 30 నుంచి 34 డిగ్రీలు. ఫోటోలో అందంగా కనిపించేది ఆ నిటారు వైపు, దాన్ని చూసి 'అబ్బ ఎంత బాగుంది వాలు' అనుకుని ఆడ నిలబడితే మీరు రోటర్‌లో నిలబడినట్టు. అందుకే ఇసుక ఉన్న ప్రతిచోటా సోరింగ్ జరగదు. పేరున్న చోట్లు చూడండి, చానావరకు నిలకడగా గాలి వచ్చే సముద్రం పక్కనే ఉంటాయి. చిలీలో ఇకీకె ఊరు ఉంది, ఒకవైపు అటకామా ఎడారి, ఇంకోవైపు పసిఫిక్, పొద్దున ఎడారి నేల వేడెక్కితే చాలు సముద్రం మీంచి గాలి లోపలికి రావడం మొదలవుతాది, దాదాపు ఏడాది పొడుగునా ఎగరొచ్చు. ఊరిని ఆనుకునే సెర్రో డ్రాగన్ అని పెద్ద దిబ్బ ఉంది, ఊరికి దక్షిణంగా పాలో బుకె అనే చోట కొత్తోళ్లు గుంపులు గుంపులుగా ప్రాక్టీస్ చేస్తుంటారు. ఫ్రాన్స్‌లో ఆర్కషోన్ దగ్గర పిలా దిబ్బ ఉంది, ఎత్తు 100 మీటర్లు దాటుతాది, అట్లాంటిక్ గాలి మొహానికి కొడతా ఉంటాది. నమీబియాలో స్వాకోప్‌ముండ్, వాల్విస్ బే వైపు కూడా అంతే, ఎడారి వచ్చి సముద్రంలో కలుస్తాది. మన జైసల్మేర్ పక్కన సామ్ దిబ్బలు చూడ్డానికి బాగుంటాయి గానీ ఆ సముద్రం గాలి ఆడికి రాదు, పైగా సాయంత్రమైతే ఒంటెలు, జీపులు, జనం, నా మటుకు నేను దాన్ని సోరింగ్ చోటు కింద లెక్కెయ్యను.

ఇప్పుడు మన సంగతి. బొమ్మనహాళ్, కణేకల్ వైపు ఇసుక అంతా హగరి నుంచి వచ్చిందే, అదే వేదవతి, తుంగభద్రలో కలిసే ఏరు. ఏరు ఎండిపోతాది, నైరుతి గాలి ఆ ఇసుకని లేపి పొలాల మీద పోస్తాది. మనకి అది సరదా చోటు గానీ ఆ ఊళ్ల రైతులకి అది చేను మింగేసిన ఇసుక, ఈ మాట గుర్తుపెట్టుకుని ఆడికి పోండి. ఇసుకని ఆపడానికి నాటిన చెట్లు ఉంటాయి, వాటి మీద వింగ్ పరచద్దు, తాళ్లు ఇరికించి కొమ్మలు విరవద్దు. పక్కన చేను ఎవరిదో కనుక్కుని 'అన్నా, ఈడ రొంతసేపు గొడుగు ఆడిచ్చుకుంటాం' అని ఒక మాట అడిగితే ఎవరూ వద్దనరు, అడక్కుండా బండి తెచ్చి చేలో పెడితేనే గొడవ. స్టేషన్‌లో కూడా ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది, పెద్ద గుడ్డ ఎగరేస్తాంటే జనం పోగవుతారు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు.

ఆ దిబ్బలు ఎత్తులో ఇకీకె, పిలాల పక్కన నిలబడేవి కావు. అందుకే ఆడ సోరింగ్ ఆశ పెట్టుకోవద్దు, ఆడ చెయ్యాల్సింది గ్రౌండ్ హ్యాండ్లింగ్. అంటే నేల మీద నిలబడి వింగ్‌ని తలమీద నిలపడం, పక్కకి నడిపించడం, దించడం, మళ్లీ లేపడం. వినడానికి చప్పగా ఉంటాది గానీ డ్యూన్ సోరింగ్‌లో ముప్పావు పని ఇదే, ఎందుకంటే ఆడ నిమిషానికోసారి దిగుతాం, నిమిషానికోసారి లేస్తాం, వింగ్‌ని చూడకుండా చేత్తోనే దాని మనసు తెలుసుకోవాల. ఇది రాకుండా చిలీకి టికెట్ కొన్నోళ్లు ఆడ ఇసుకలో ఈడ్చుకుపోతా తిరుగుతారు, డబ్బు దండగ.

అంతకంటే ముందు కోర్సు. యూట్యూబ్ చూసి సెకండ్ హ్యాండ్ వింగ్ కొని చేలో మొదలుపెట్టే రకం ఉంటారు, దయచేసి ఆ పని వద్దు. మహారాష్ట్రలో పూణే దగ్గర కామ్‌షెట్‌లో స్కూళ్లు ఉన్నాయి, చిన్న గుట్టల మీద పీ1, పీ2 అనే మొదటి రెండు మెట్ల కోర్సులు నేర్పిస్తారు, అనంతపురం నుంచి రైల్లో పోయి రావొచ్చు. హిమాచల్‌లో బీర్ బిల్లింగ్ పేరు అందరూ వినే ఉంటారు, 2015లో పారాగ్లైడింగ్ వరల్డ్ కప్ ఆడనే జరిగింది, కానీ అది పెద్ద కొండ, టేకాఫ్ 2400 మీటర్ల ఎత్తులో, అది థర్మల్స్ (నేల కాగి పైకి లేచే వేడి గాలి) పట్టుకుని ఎగిరేవాళ్ల చోటు, డ్యూన్‌కి తయారయ్యే వాళ్లకి కామ్‌షెట్ లాంటి చోటే మేలు. టాండెమ్‌లో, అంటే పైలట్‌తో కలిసి ఇద్దరుగా, ఒకసారి ఎగిరినంత మాత్రాన వచ్చేసినట్టు కాదు, అది బస్సెక్కినట్టే.

సామాన్లలో వింగ్ ఈఎన్-ఏ క్లాస్ (కొత్తోళ్ల కోసం చేసిన రకం) తీసుకోండి, మీ బరువు, బ్యాగు బరువు కలిపి దాని మీద రాసిన రేంజిలో ఉండాల. హెల్మెట్, చీలమండ దాకా వచ్చే బూట్లు, గ్లౌజులు, ఇసుక కోసం మూసిన కళ్లద్దాలు. రిజర్వ్ పారాచూట్ ఉండాల, అయితే దిబ్బ మీద మనం ఉండే ఎత్తుకి అది తెరుచుకునే టైం దాదాపు దొరకదు, దాని ధైర్యంతో ఏమీ చెయ్యద్దు. 'ఇసుకే గదా, పడినా మెత్తగా ఉంటాది' అనే మాట నమ్మొద్దు, తడిసి గట్టిపడిన ఇసుక మీద వెన్నుపూస విరిగినోళ్లు ఉన్నారు.

గాలి చూడ్డం నేర్చుకోవాల, మిగతావన్నీ దీని తర్వాతే. సోరింగ్‌కి అంచు మీద గంటకి 18 నుంచి 28 కి.మీ. గాలి హాయిగా ఉంటాది, మొదట్లో 25 దాటితే ఆగిపోండి. మన వింగ్ మామూలుగా పోయే స్పీడే గంటకి 36, 38 కి.మీ., గాలి 35కి వచ్చిందంటే మీరు గాలిలో నిలబడిపోతారు, ఇంకొంచెం పెరిగితే వెనక్కి, అంటే రోటర్‌లోకి. పైగా దిబ్బ కింద నిలబడి కొలిస్తే గాలి తక్కువ చూపిస్తాది, అంచు మీద గాలి నొక్కుకుని స్పీడు పెరుగుతాది, కాబట్టి గాలి కొలిచే మీటర్ పట్టుకుని పైకి ఎక్కి కొలవండి, అయిదు నిమిషాలు ఆడే కూర్చోండి. 18కి 23కి మధ్య ఆడితే మంచి గాలి. 12కి పడి 28కి లేస్తాంటే సరాసరి చూసి 20 అనుకోవద్దు, బ్యాగు సర్దుకోండి. దిక్కు కూడా వాలుకి సూటిగా ఉండాల, 20, 30 డిగ్రీలు పక్కకి పోయిందంటే లిఫ్ట్, అంటే మనల్ని పైకి లేపే గాలి, తగ్గిపోతాది.

మీటర్ లేకపోయినా ఇసుకే చెప్తాది. పొడి ఇసుక గంటకి 20 కి.మీ. చిల్లర గాలి దాకా పెద్దగా కదలదు, అంచు మీంచి పొగ లేచినట్టు ఇసుక ఎగిరిపోతాందంటే గాలి మీకు ఎక్కువైనట్టే. ఇసుక మీద చిన్న చిన్న అలల గీతలు ఉంటాయి గదా, అవి గాలికి అడ్డంగా పడతాయి, నిన్న గాలి యా దిక్కు నుంచి కొట్టిందో వాటిని చూస్తే తెలుస్తాది. మనకి ఇంకో సౌకర్యం గాలిమరలు. రామగిరి, నల్లకొండ వైపు పోతుంటే చూడండి, మర మొహం ఎటు తిరిగుంటే గాలి అటు నుంచి వస్తాంది, రెక్కలు అప్పుడే తిరగడం మొదలుపెట్టినాయంటే ఆ ఎత్తులో గాలి సెకనుకి మూడు, నాలుగు మీటర్లు ఉన్నట్టు. దూరం నుంచి చూడ్డానికి మాత్రమే, మర వెనకాల గాలి చానా దూరం దాకా నలిగిపోయి ఉంటాది, ఆ గుట్టల మీద కరెంటు తీగలు కూడా ఎక్కువ, ఆడ వింగ్ తెరవనే తెరవద్దు. గాలిమరలు ఉన్నాయంటే పారాగ్లైడింగ్‌కి మంచి చోటని కొందరు లెక్కేస్తారు, మరలు బాగా తిరగడానికి కావాల్సిన గాలి మనకి ఎక్కువ గాలి.

అట్లనే కాలం. జూన్ నుంచి ఆగస్టు దాకా మన నైరుతి గాలి ఊపు మీద ఉంటాది, కొత్తోళ్లకి అది కుదరదు. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం నేల కాగి థర్మల్స్ లేస్తాయి, బీడు చేలల్లో సుడిగాలి మట్టి ఎత్తుకుని తిరుగుతా ఉంటాది, అది పరిచిన వింగ్ మీదికి వచ్చిందంటే మనిషితో సహా లేపి విసిరేస్తాది, తమాషా కాదు. దూరంగా ఒకటి కనిపించినా వింగ్‌ని పోగేసి దాని మీద కూర్చోండి. చలికాలంలో పొద్దున ఎండ ముదరక ముందు, సాయంత్రం పొద్దు గూకేముందు ఒక రెండు గంటలు, ఇవే ప్రాక్టీస్‌కి మంచి టైములు.

ఇసుక మీద వింగ్ లేపే పద్ధతి చెప్తా. వింగ్‌ని వీపు మీద, అంటే తాళ్లు పైకి వచ్చేటట్ల, గుర్రపు నాడా ఆకారంలో పరచండి, గాలి పోయే నోళ్లు అవతలి అంచున ఉండాల. గాలి ఊరికే లేపేస్తాంటే వెనక అంచు మీద నాలుగు పిడికిళ్ల ఇసుక వెయ్యండి, ఎక్కువ వద్దు. హార్నెస్ (మనం కూర్చునే బెల్టుల సీటు) వేసుకుని మొట్టమొదట కాళ్ల బెల్టులు చూడండి, తర్వాత ఛాతీ బెల్టు, కారాబినర్లు (వింగ్‌ని హార్నెస్‌కి తగిలించే కొక్కేలు), హెల్మెట్, రిజర్వ్ పిన్ను. కాళ్ల బెల్టు మర్చిపోయి లేచినోడు చేతుల మీద వేలాడాల్సి వస్తాది, ఇది ప్రపంచమంతా జరిగిన విషయమే. వింగ్ వైపు తిరిగి నిలబడి ఒక చేతిలో ఏ రైజర్లు, ఇంకో చేతిలో సీ రైజర్లు పట్టుకోండి (రైజర్లంటే వింగ్ తాళ్లు వచ్చి కలిసే పట్టీలు, ఏ ముందరివి, సీ వెనకవి). ఏ లాగితే లేస్తాది, సీ లాగితే ఆగుతాది, యాక్సిలరేటరూ బ్రేకూ అనుకోండి. గాలి బలంగా ఉంటే వింగ్ లేచేటప్పుడు మీరు దాని వైపు రెండు అడుగులు వెయ్యాల, వెనక్కి లాగి నిలబడితే అది మిమ్మల్నే ఎత్తేస్తాది. తలమీదికి వచ్చినాక సీ కొంచెం లాగి ఆపండి, తాళ్లు చిక్కుపడలేదా చూడండి. ఒక పక్కకి వాలుతాంటే మీరూ ఆ పక్కకే నడవండి, కొత్తోళ్లు తాడు లాగి సరిచెయ్యాలని చూస్తారు, కాళ్లతో సరిచెయ్యడం సులువు.

దించేది కూడా ఇదే రోజు నేర్చుకోండి. గాలి ఎక్కువున్నప్పుడు రెండు బ్రేకులూ (వింగ్ వెనక అంచుకి కట్టిన తాళ్లు) కిందికి గుంజితే వింగ్ వెంటనే చావదు, ముందు మిమ్మల్ని గాలిలోకి లేపి తర్వాత ఈడ్చుకుపోతాది. వింగ్ వైపు తిరిగి రెండు సీ రైజర్లు ఒక్కసారిగా గట్టిగా గుంజి, దాని వైపుకే పరిగెత్తండి, పడిపోతాది. ఈడ్చుకుపోవడం మొదలైతే ఒక బ్రేక్ తాడుని మాత్రమే చేతులు మార్చుకుంటా లాక్కుంటా రండి, గుడ్డ చేతికి వచ్చేదాకా వదలద్దు.

ఇది చేతికి ఎక్కినాక ఇకీకె లాంటి చోటికి పోతే ఇన్‌స్ట్రక్టర్‌తో సోరింగ్ మొదలుపెట్టొచ్చు. దిబ్బ వెంబడి అటొకసారి ఇటొకసారి పోవడమే, మలుపు తిరిగేటప్పుడు మాత్రం ఎప్పుడూ వాలుకి దూరంగా, గాలి వైపుకే తిరగాల, వాలు వైపు తిరిగినారంటే గాలి వెనక నుంచి తోసి దిబ్బకి కొడతాది. ఎదురెదురుగా ఇద్దరు వస్తే వాలు కుడిచేతి వైపు ఉన్నోడిది దారి, ఎడమ వైపు ఉన్నోడు బయటికి తప్పుకోవాల. బ్రేకులు మరీ లాగి నెమ్మదిగా పోదామని చూడద్దు, గంటకి 22, 24 కి.మీ. కి వచ్చేసరికి మామూలు వింగ్ స్టాల్ అవుతాది, అంటే ఎగిరే పట్టు పోయి పడిపోతాది, ఆ ఎత్తులో స్టాల్ అంటే నేరుగా నేల. లిఫ్ట్ తగ్గినట్టు అనిపిస్తే ముందుకి, కిందికి పోయి దిగిపోండి, మళ్లీ నడిచి ఎక్కొచ్చు. అంచు వెనక దిగుదామనే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు.

గండికోట గురించి కూడా అడుగుతారు. పెన్నా లోయ అంచున నిలబడితే కింది నుంచి గాలి మొహానికి కొడతాది, అది చూసి ఆశ పుడతాది. ఆ గోడ నిటారు రాయి, గాలి అంచుకి తగిలి విరిగి పైనే సుళ్లు తిరుగుతాది, దిగడానికి కింద నీళ్లూ రాళ్లూ తప్ప ఏమీ లేవు, దాన్ని ఫోటోలకి వదిలెయ్యండి. ఇంకోటి, కర్నూలు వైపోళ్లయితే ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు, మనకి ఇటు కడప, పుట్టపర్తి, ఆ చుట్టుపక్కల వింగ్ లేపేముందు అడిగి తెలుసుకోవాల్సిందే.

ఇంటికి వచ్చినాక ఇసుక దులపడం పెద్ద పని. వింగ్ లోపల గాలి నిండే గదుల్లో వెనక అంచు దగ్గర ఇసుక పోగవుతాది, ఆ బరువుకి వింగ్ లేవడం ఆలస్యమవుతాది, స్టాల్ కూడా తొందరగా వస్తాది, లోపల రాసుకుని గుడ్డ మీది పూత పోతాది. చాలా వింగ్‌లకి కొసల దగ్గర వెల్‌క్రో అతుకు ఉంటాది, అది విప్పి ఇసుకని అటు నడిపించి దులపండి, లేకుంటే నోళ్లు కిందికి పెట్టి ఒక్కో గదీ విదిలించండి, ఇద్దరుంటే సులువు. బ్రేక్ తాడు తిరిగే పుల్లీలు, హార్నెస్ బకిల్స్, జిప్పులు మెత్తటి బ్రష్‌తో తుడవండి. సముద్రం పక్కన ఎగిరి వచ్చి ఉప్పునీళ్లు తగిలింటే మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి, మిద్దె మీద ఎండలో వెయ్యద్దు, మన ఎండకి ఆ నైలాన్ చానా తొందరగా పోతాది.