పెన్‌డ్రైవ్‌లో రికార్డైన టీవీ ప్రోగ్రామ్‌ని డీవీడీగా మార్చడం

సెట్‌టాప్ బాక్స్ పెన్‌డ్రైవ్‌లోకి రాసిన ఫైల్‌ని ఉన్నదున్నట్టు డిస్క్‌లోకి కాపీ కొడితే పాత డీవీడీ ప్లేయర్ దాన్ని చదవదు. దానికి ఎంపెగ్-2 వీడియో, 720×576 సైజు, సెకనుకు 25 ఫ్రేములు, 48 కిలోహెర్ట్జ్ ఏసీ3 లేదా ఎంపీ2 ఆడియో కావాలి. ఇది మన దేశంలో వాడే 'పాల్' టీవీ పద్ధతి లెక్క.

ముందు ఫైల్‌ని వీఎల్‌సీలో తెరిచి చూడండి. డబ్బు కట్టే డీటీహెచ్ బాక్సుల రికార్డింగ్‌లు చాలావరకు ఆ బాక్స్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోవు. అలాంటిదైతే ఇక్కడితో ఆగిపోవడమే. ఫ్రీ టు ఎయిర్ బాక్సులు రాసే మామూలు టీఎస్ (.ts) ఫైళ్లతో ఆ బాధ లేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు, కాబట్టి రికార్డింగ్ ముక్కలుగా వస్తుంది. ఎవిడెమక్స్ అనే వీడియో ఎడిటర్‌లో మొదటి ముక్క తెరిచి, మిగతావి వరుసగా అపెండ్ చేయండి (వెనక అతికించండి).

యాడ్‌లు కూడా అక్కడే తీసేయాలి. కీబోర్డ్‌లో పై బాణం, కింది బాణం నొక్కితే కీఫ్రేమ్ (పూర్తి బొమ్మ ఉండే ఫ్రేమ్) నుంచి కీఫ్రేమ్‌కి వెళ్తుంది. 'ఏ', 'బీ' గుర్తులు రెండూ కీఫ్రేమ్ మీదే పెట్టి డిలీట్ కొట్టండి. వేరే చోట కోస్తే అతుకు దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది. వీడియో, ఆడియో రెండూ 'కాపీ'లోనే ఉంచి సేవ్ చేయండి. ఎన్‌కోడింగ్ (వీడియోని కొత్త ఫార్మాట్‌లోకి కుదించి మార్చడం) మొత్తం మీద ఒక్కసారే జరగాలి. మళ్లీ చేసిన ప్రతిసారీ బొమ్మ మసకబారుతుంది.

ఇప్పుడు బిట్‌రేట్, అంటే ఒక్కో సెకనుకి ఎంత డేటా వాడాలన్నది. డీవీడీ డబ్బా మీద 4.7 జీబీ అంటే 470 కోట్ల బైట్లు, విండోస్ దాన్నే 4.38గా చూపిస్తుంది. సులువు లెక్క: 6,00,000ని నిమిషాలతో భాగించండి. భద్రాచలం కల్యాణం లైవ్ 150 నిమిషాలుందనుకుందాం. 4000 వచ్చింది, అందులో ఆడియోకి 192 తీసేస్తే వీడియోకి సుమారు 3800 కేబీపీఎస్. పంతులుగారు మంత్రం చదివే షాట్‌కి ఇది ధారాళం. తలంబ్రాలు పోసేటప్పుడు మాత్రం వేల గింజలు ఒక్కసారిగా కదులుతాయి, గళ్లు అక్కడే బయటపడతాయి. అందుకే టూ పాస్ (ముందోసారి వీడియో అంతా చూసుకుని, రెండోసారి ఎన్‌కోడ్ చేసే పద్ధతి) పెట్టండి, లేదా రెండు డిస్కులకి పంచండి. 3 గంటలు ఒకే డిస్క్‌లో పట్టాలంటే 352×576 పెట్టుకోవచ్చు, డీవీడీ ప్రమాణం దాన్ని ఒప్పుకుంటుంది. గంట ప్రోగ్రామ్‌కి లెక్క 10000 చూపిస్తుంది గానీ 8000 దాటొద్దు. ప్రమాణం ప్రకారం వీడియోకి గరిష్ఠం 9800, కానీ అంచుదాకా పోతే నాసిరకం ప్లేయర్లు తడబడతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంటర్లేసింగ్ దగ్గర. టీవీ ప్రసారంలో ఒక్కో ఫ్రేమ్ రెండు ఫీల్డులు, అంటే సరి గీతలు ఒకటి, బేసి గీతలు ఒకటి. ఎస్‌డీ ఛానల్ రికార్డింగ్ అయితే, మెనూతో డీవీడీ తయారుచేసే డీవీడీ స్టైలర్ సాఫ్ట్‌వేర్‌లో ఇంటర్లేస్డ్ అనే ఎంచుకుని, మొదటి ఫీల్డ్ 'టాప్' అని ఇవ్వండి. తిరగేసి ఇస్తే కింద స్క్రోలింగ్ ముందుకీ వెనక్కీ ఊగుతూ వణుకుతుంది. హెచ్‌డీ అయితే 1080 గీతల్ని నేరుగా 576కి కుదిస్తే రెండు ఫీల్డులూ కలిసిపోయి, కదిలే అంచులకి దువ్వెన పళ్లలాంటి గీతలు పడతాయి. వాటిని తర్వాత ఏ ఫిల్టరూ తీయలేదు. కాబట్టి హెచ్‌డీకి ఎవిడెమక్స్‌లోనే ముందు ఇంటర్లేసింగ్ తీసేసే యాడిఫ్ ఫిల్టర్, దాని కింద రీసైజ్ 720×576, ఎంపెగ్-2 ఎన్‌కోడర్, ఎంపెగ్ పీఎస్ మక్సర్ (వీడియో, ఆడియోలని ఒకే ఫైల్‌లో కలిపేది) ఎంచుకోండి. ఆడియో ఏఏసీ అయితే డీవీడీలో చెల్లదు, ఏసీ3కి మార్చండి. వచ్చిన ఫైల్‌ని డీవీడీ స్టైలర్‌లో 'కాపీ'గా చేరిస్తే మళ్లీ ఎన్‌కోడ్ కాదు. నిష్పత్తి 16:9 అని గుర్తుపెట్టి ఇవ్వండి. 4:3 అంటే మనుషులు సన్నగా, పొడుగ్గా సాగిపోతారు.

మాటకీ పెదవులకీ పొంతన పోతే చాలాసార్లు కారణం వానకి తెగిన సిగ్నల్. తెగినచోట వీడియో, ఆడియో సమానంగా పోవు, తేడా పోగుపడుతుంది. ఎంపెగ్-2 రికార్డింగ్‌ని ముందు ప్రాజెక్ట్ ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో నడిపితే ఆ ఖాళీలు సరిచేస్తుంది.

నేరుగా బర్న్ చేయకుండా ఐఎస్ఓ ఇమేజ్ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా) తీసి, వీఎల్‌సీలో మెనూతో సహా చూడండి. తర్వాత డిస్క్ బర్న్ చేసే ఇమ్‌జీబర్న్‌లో 'రైట్ ఇమేజ్ ఫైల్ టు డిస్క్' ఎంచుకోండి. ఐఎస్ఓని డేటా ఫైల్‌లా ఎక్కిస్తే డిస్క్ దండగ. వేగం 4 లేదా 8 చాలు, వెరిఫై టిక్ ఉంచండి. పేరు స్పిరిట్ లేని మార్కర్‌తో రాయండి. కాగితం స్టిక్కర్ అంటిస్తే తిరిగేటప్పుడు డిస్క్ అదురుతుంది.