రోములో పునీత సెబస్తియాన్ బసిలికా: ముందు కిందికి దిగండి

తిరుపతిలో ముప్పై ఏళ్లు బస్సుల్లో టికెట్లు కొట్టినవాణ్ణి. రోములో 118 నంబరు బస్సెక్కితే కండక్టరే లేడు! కాగితం టికెట్ అయితే ముందే కొట్లో కొనుక్కుని, బస్సెక్కగానే అక్కడున్న మిషన్‌లో పెట్టి మనమే ముద్ర కొట్టుకోవాలి. లేదంటే టికెట్ జేబులో ఉన్నా ఫైనే. నేను కిటికీలోంచి చూస్తూ మర్చిపోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది: "ఇన్నేళ్లు ఊరందర్నీ అడిగారు, మీదేదీ?"

బస్సు ఆప్పియా ఆంటికా అనే పాత రాళ్ల రోడ్డు పట్టుకుని వెళ్తుంది. బసిలికా, అంటే ఆ పెద్ద చర్చి, దగ్గరే దిగొచ్చు. చాలామంది పైన చర్చి చూసి, ఫొటో దిగి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. ముందు కింద సమాధులకు టికెట్ తీసుకోండి. గైడ్ లేకుండా పంపరు, ఫొటోలు తీయనివ్వరు. కొండ మీద దర్శనానికి వెళ్లేటప్పుడు ఫోన్ అప్పజెప్పడం మనకు అలవాటే కాబట్టి బాధ లేదు. లోపల చల్లగా ఉంటుంది, మే నెలైనా శాలువా ఉంచుకోండి. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. అలిపిరి మెట్లెక్కిన మోకాళ్లకు ఇది లెక్కలోది కాదు గానీ, నేల ఎగుడుదిగుడు. హవాయి చెప్పులు వద్దు.

ఇలాంటి నేల కింది సమాధులను కాటకోంబ్ అంటారు. ఆ మాట ఈ చోటి పేరు నుంచే వచ్చిందట. గ్రీకులో 'గుంతల దగ్గర' అని అర్థం. మెత్తటి రాతిని తొలిచి, బెర్తుల్లాగా ఒకదానిమీద ఒకటి అరలు చేసి శవాలను పెట్టేవారు.

అక్కడొక గోడ దగ్గర మాత్రం గైడ్ తొందరపెట్టినా కదలకండి. మూడో శతాబ్దంలో భక్తులు తొలినాటి క్రైస్తవ గురువులైన పునీత పేతురు, పౌలుల పేరిట ఇక్కడ భోజనాలు పెట్టుకునేవారు, మనం చనిపోయినవాళ్ల పేరిట పెట్టుకున్నట్టే. గోడ సున్నం మీద మొక్కులు గీకిపెట్టారు. "పౌలూ, పేతురూ, విక్టర్ కోసం వేడుకోండి" అని ఒకటుంది. బస్సు సీట్ల వెనక పేర్లు గీకిన కాలేజీ పిల్లల్ని ఎన్నిసార్లు తిట్టానో! ఇక్కడ మాత్రం ఆ వంకర గీతల ముందు తల వంచి నిలబడ్డాను.

పైన చర్చి ఇప్పుడున్న రూపం 17వ శతాబ్దానిది. ఒంట్లో బాణాలు గుచ్చుకుని పడుకున్న సెబస్తియాన్ (ఈ చర్చికి పేరిచ్చిన పునీతుడు) పాలరాతి బొమ్మ, బెర్నీని అనే శిల్పి చెక్కిన క్రీస్తు అర్ధవిగ్రహం తప్పక చూడండి. కుడివైపు చిన్న గుడిలో పాదాల గుర్తులున్న రాయి ఉంటుంది. అవి క్రీస్తు పాదాలని నమ్మకం. మా ఆవిడ చూడగానే, "మన శ్రీవారి పాదాల్లాగానే ఉన్నాయే" అంది.

తిరుగు బస్సుకి ముద్ర నేనే ముందు కొట్టాను.