బకింగ్‌హాం కాలువ గట్టున సైకిలు ప్రయాణం: తిరుపతి నుండి బయలుదేరేవారికి

చంద్రగిరి ప్రాంతంలో పుట్టి, తిరుచానూరు పక్కగా, శ్రీకాళహస్తి గుడి వెనుకగా పారే మన స్వర్ణముఖి వాకాడు దాటాక బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ సముద్ర తీరానికి కొద్ది దూరం లోపల, తీరానికి సమాంతరంగా బకింగ్‌హాం కాలువ సాగుతుంది. తిరుపతిలో సైకిలు తొక్కేవారిలో చాలామంది కొండ దారులు ఎక్కడమే సైక్లింగ్ అనుకుంటారు. పిల్లలతోనో, చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ సైకిలు ఎక్కుతున్న పెద్దలతోనో ఒక ఉదయం గడపాలనుకుంటే ఈ కాలువ గట్టుకు మించిన చోటు నాకు మన చుట్టుపక్కల కనబడలేదు.

గట్టు ఇంత సమంగా ఉండటానికి కాలువ చరిత్రే కారణం. 1806లో కొక్రేన్ అనే స్కాట్లండు వ్యాపారి మద్రాసు నుండి ఎన్నూరు వైపు తవ్వించడం మొదలుపెట్టిన ఈ కాలువ, 1837లో ప్రభుత్వం చేతికి వచ్చిన తరువాత ఉత్తరానికీ దక్షిణానికీ పెరుగుతూ పోయింది. 1876-78 నాటి మహా కరువులో మద్రాసు నగరంలోని భాగాన్ని కూలి పనిగా తవ్వించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం డ్యూకు పేరే 1878లో కాలువకు స్థిరపడింది. ఉప్పు, వంటచెరకు, ధాన్యం నింపుకున్న పడవలకు గాలి సాయం లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాళ్ళతో లాగేవారు. బరువు లాగే మనిషి నడవాలంటే దారికి ఎగుడుదిగుళ్ళు ఉండకూడదు కదా. 1960లలోనూ 1976లోనూ వచ్చిన తుఫానులు కాలువను బాగా దెబ్బతీయడంతో పడవల రాకపోకలు తగ్గిపోయాయి గాని, గట్టు చాలాచోట్ల నిలిచే ఉంది. 2004 సునామీ వచ్చినప్పుడు ఈ కాలువ అలల ఉధృతిని కొంత తనలోకి తీసుకుని లోపలి ఊళ్ళను కాపాడింది.

డిసెంబరు చివరి వారం నుండి ఫిబ్రవరి నెలాఖరు వరకు ఇక్కడికి రావడానికి అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికి తెరిపి ఇస్తాయి, గట్టు మీది బంకమట్టి ఆరి గట్టిపడుతుంది, పులికాట్ సరస్సుకు రాజహంసలు వచ్చి ఉంటాయి. మార్చి దాటితే ఉదయం తొమ్మిదింటికే ఎండ ముదురుతుంది, గట్టు మీద నీడ తక్కువ. తుఫాను హెచ్చరిక ఉన్న వారంలో మాత్రం ఎంత ముచ్చటపడినా ప్రయాణం మానుకోవాలి.

సైకిళ్ళను కారు వెనుక క్యారియరుకు కట్టుకునిగాని, నలుగురైదుగురు కలిసి చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుకునిగాని, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా వాకాడు చేరాలి. చీకటితోనే బయలుదేరితే ఆరున్నరకు, సూర్యుడు పైకి వస్తున్న వేళకు, గట్టు దగ్గర ఉండవచ్చు. వాకాడు నుండి తూపిలిపాళెం, దుగరాజపట్నం వైపు వెళ్ళే దారులలో కాలువ కనబడిన చోట వాహనం ఆపి, ముందుగా అక్కడి మనుషులను పలకరించండి. "అన్నా, గట్టు మీద సైకిలు పోతుందా? ఎందాక పోవచ్చు?" అని అడిగితే, ఏ పటమూ చూపని సంగతి, అంటే నిన్నటి ఆటుపోటుకు ఎక్కడ కోసుకుపోయిందో, ఎక్కడ రొయ్యల గుంటలవారు కంచె వేశారో, వారే చెబుతారు.

అక్కడి నుండి ఉత్తరానికి వెళ్ళమని నా సలహా. దక్షిణంగా పోయేకొద్దీ కాలువ శ్రీహరికోట, పులికాట్ వైపు చేరుతుంది. అది రాకెట్ కేంద్రం ఉన్న నిషేధిత ప్రాంతం, అనుమతి లేకుండా అటు వెళ్ళరాదు. గాలి సంగతి కూడా ఉంది. ఈ నెలలలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుండి వీస్తుంది కాబట్టి, ఒంట్లో సత్తువ ఉన్న ఉదయం వేళ గాలికి ఎదురు తొక్కి, అలసిన తరువాత దానిని వీపున పెట్టుకుని తిరిగి రావచ్చు. మొదటిసారి నేను ఈ లెక్క వేసుకోకుండా గాలివాటున హాయిగా చాలా దూరం పోయి, తిరుగు దారిలో ప్రతి కిలోమీటరుకూ దిగి నిలబడవలసి వచ్చింది. పది కిలోమీటర్లు వెళ్ళి పది కిలోమీటర్లు తిరిగి వస్తే తొలిసారికి చాలు. మట్టి దారిలో గంటకు పది కిలోమీటర్లకు మించి ఆశించవద్దు.

సన్నని చక్రాల రేసు సైకిలు ఇక్కడ పనికిరాదు. కాస్త వెడల్పు టైర్లున్న మామూలు సైకిలైనా, హైబ్రిడ్ సైకిలైనా సరిపోతుంది. బొటనవేలితో నొక్కితే టైరు కొద్దిగా లోపలికి పోయేటంత గాలి ఉంచుకుంటే ఇసుకలో చక్రం దిగబడదు. సరుగుడు తోపుల పక్కన ఇసుక మేటలు తగులుతాయి. అక్కడికి రాకముందే తేలిక గేరులోకి మారి, బరువు వెనుకకు వేసి, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా ఒకే వేగంతో తొక్కాలి. చక్రం కూరుకుపోతే పంతానికి పోకుండా దిగి నడిపించండి.

అసలు బాధ సర్కారు తుమ్మ ముళ్ళతో వస్తుంది. మనిషికి ఒక ట్యూబు అదనంగా, అందరికీ కలిపి ఒక పంపు, పంక్చరు సామాను తప్పనిసరిగా ఉండాలి. పంక్చరు అయినప్పుడు ట్యూబు మార్చేసి తృప్తిపడకూడదు. టైరు లోపలి వైపు చిన్న గుడ్డతో మెల్లగా తుడుచుకుంటూ పోతే ముల్లు మొన గుడ్డకు తగులుకుంటుంది. అది తీయకపోతే కొత్త ట్యూబూ పది నిమిషాలలో కూర్చుంటుంది.

కాలువలోనిది ఉప్పునీరు, సముద్రపు పోటుతో పెరిగి పాటుతో తగ్గుతుంది. తాగడానికి పనికిరాదు, కనుక మనిషికి మూడు లీటర్ల మంచినీళ్ళు వెంట ఉండాలి. చిత్రాన్నం, అరటిపండ్లు కట్టుకుని వెళ్ళండి. నది పాయలు గట్టును తెంచిన చోట్ల నీళ్ళు మోకాలి లోతే కనబడినా దిగవద్దు. అడుగున బురద ఉంటుంది, పోటు మొదలైతే తిరిగి రావడం కష్టం. అదే ఆ రోజు ప్రయాణానికి చివర అనుకుని వెనుదిరగండి. వలలు ఆరబెట్టిన చోట సైకిలు దిగి పక్కగా నడవాలి. పక్షుల గుంపు కనబడితే దూరం నుండే చూడాలి, వాటిని లేపి ఫొటో తీయాలని చూడకూడదు.

తిరుగు ప్రయాణంలో వీలుంటే దుగరాజపట్నం చూడండి. 1639లో మద్రాసుకు స్థలం సంపాదించిన ఫ్రాన్సిస్ డే అంతకుముందు పనిచేసినది ఇక్కడి ఆర్మగాం అనే ఆంగ్లేయుల వర్తక స్థావరంలోనే.

ఇంటికి వచ్చిన రాత్రే సైకిలును మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు గాలి తగిలిన చైను రెండు రోజులలో తుప్పు పడుతుంది. గొలుసును గుడ్డతో పొడిగా తుడిచి, లింకు లింకుకూ ఒక చుక్క నూనె వేసి, పెడలు నాలుగు చుట్లు వెనక్కి తిప్పి, మిగిలిన నూనెను తుడిచేయండి.