పాత పడవ క్యాబిన్‌కు కొత్త మెరుగు – 3వ పాఠం: టేకు పొర మీది నల్లమరకలు

పోయిన పాఠంలో నీళ్లు ఎక్కడి నుంచి కారుతున్నాయో పట్టుకున్నాం. ఆ పని ఎగ్గొట్టి ఇక్కడికి వచ్చినవారు దయచేసి వెనక్కి వెళ్లండి. కారే కప్పు కింద వార్నిష్ వేయడం డబ్బు దండగ.

మనం నమూనాగా తీసుకున్నది 1971లో అమెరికాలో తయారీ మొదలైన కాటలినా 27. ఆ కాలపు ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవల్లో లోపలి అడ్డగోడలు చూపుకు నిండు టేకులా ఉంటాయి. నిజానికి అవి ప్లైవుడ్. పైన అతికించిన టేకు పొర సాధారణంగా ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. నమ్మకం కుదరకపోతే గోడకు బిగించిన దీపం ఒకటి విప్పి, తీగ కోసం కోసిన రంధ్రం అంచు చూడండి. లేత రంగు ప్లైవుడ్ మీద సన్నని గోధుమరంగు గీత కనిపిస్తుంది. మీ చేతిలో ఉన్న టేకు అంతే.

కాబట్టి సానపట్టే యంత్రాన్ని పక్కన పెట్టండి. అది నల్లమరకను తీసేలోపే పొరను తినేస్తుంది. ఒకసారి ప్లైవుడ్ బయటపడితే దాన్ని దాచే వార్నిష్ లేదు.

తెరచాప స్తంభాన్ని నిలబెట్టే తీగల పట్టీలు డెక్‌ను చీల్చుకుని దిగేచోట గోడ నల్లబడటం మామూలే. ముందు స్క్రూడ్రైవర్ పిడితో ఆ చోట తట్టండి. మొద్దుగా పలికితే, సూదిమొన ఆరతో పొడిచినప్పుడు అది సులువుగా దిగితే ప్లైవుడ్ కుళ్లింది. ఆ గోడే తీగల లాగుడును తట్టుకుంటుంది కనుక ముందు దాన్ని మార్చాలి, మెరుగు సంగతి తర్వాత.

గట్టిగా ఉంటే మరక సంగతి చూద్దాం. టేకులోని టానిన్ అనే వగరు పదార్థం, తడిసిన మేకుల నుంచి వచ్చే ఇనుము కలిస్తే నలుపు పుడుతుంది. మన కలంకారీలో నలుపు వచ్చేదీ ఇలాగే: కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుపముక్కలు బెల్లంతో ఊరబెట్టిన ద్రవం పడగానే గీత నల్లబడుతుంది. అది రంగు గనుక గీకితే పోదు. రసాయనంతోనే పోతుంది.

పాత వార్నిష్‌ను స్ట్రిప్పర్‌తో, అంటే పూతను మెత్తబరిచి ఊడదీసే రసాయనంతో, తొలగించండి. వేడిగాలి గన్ను వద్దు, జిగురు వదిలి పొర ఉబ్బుతుంది. ఇప్పుడు ప్లాస్టిక్ గిన్నెలో లీటరు వేడినీటికి 100 గ్రాముల ఆక్సాలిక్ ఆమ్లం కలపండి. ఇది విషం, చేతొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. మరక మీద మాత్రమే రాస్తే అక్కడ తెల్లటి అతుకు మిగులుతుంది, కాబట్టి మొత్తం పలకకు సమంగా పూయండి. ఆరాక తడిగుడ్డతో మూడు నాలుగుసార్లు తుడవండి. గుడ్డను బాగా పిండాలి, పొరను నానబెట్టకూడదు. నలుపు మిగిలితే మళ్లీ పూయండి. ఆమ్లం పొడి పూర్తిగా పోనిదే గరుకు కాగితం పట్టకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

రెండు రోజులు ఆరనిచ్చాక పలక మీద పెన్సిల్‌తో తేలికగా అడ్డగీతలు గీయండి. 220 నంబరు కాగితంతో, చెక్క చారల వెంట, చేత్తోనే రుద్దండి. గీతలు చెరిగిన చోట ఆగిపోండి. మూలలు, అంచుల దగ్గర చేయి మరీ తేలిక చేయాలి. పొర ముందు అరిగేది అక్కడే.

టేకులో సహజమైన నూనె ఉంటుంది, వార్నిష్‌ను పట్టనివ్వదు. అసిటోన్‌తో తుడిచి, అది ఆవిరవగానే పూత మొదలుపెట్టాలి. ఆలస్యమైతే నూనె మళ్లీ పైకొస్తుంది. ఆవిర్లు గాలికన్నా బరువు, పడవ అడుగున చేరి నిప్పురవ్వ కోసం కాచుకుంటాయి. పైమూతలన్నీ తెరిచి, బ్యాటరీ, పొయ్యి ఆపి, రసాయన ఆవిర్లను ఆపే మాస్కు పెట్టుకోండి. వైద్యులు వాడే గుడ్డ మాస్కు ఇక్కడ పనికిరాదు.

మొదటి పూతలో సగం వార్నిష్, సగం థిన్నర్; చెక్క తాగాలి. తర్వాతివి చిక్కగా, ఒక్కోటి ఆరాక 320తో పైపైన రుద్ది వేయండి. మెరుపు తక్కువగా కావాలన్నా అడుగు పూతలకు నిగనిగలాడే రకమే వాడి, చివరిది ఒక్కటే శాటిన్ వేయడం నా పద్ధతి. శాటిన్‌లోని మెరుపు తగ్గించే పొడి పూతపూతకూ పేరుకుంటే చారలు మసకబారతాయి. డబ్బాను కుదపకండి, బుడగలొస్తాయి. పుల్లతో అడుగు నుంచి కలపండి.

ఈ వారం ఒకే చిన్న పలక చేయండి, అల్మరా తలుపు అయితే మేలు. వచ్చే పాఠంలో కప్పు లోపలి గుడ్డ.